"అంగడి సరుకు" అనకుండా మీడియా ప్రాజెక్టు రాయడం ఎలా

జర్నలిజం పిల్లల ప్రాజెక్టులు దిద్దడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. టాపిక్ "మీడియాలో స్త్రీ" అయితే కాగితం తిప్పకుండానే మొదటి వాక్యం చెప్పేయగలను: "నేటి సమాజంలో మహిళను అంగడి సరుకుగా చూపిస్తున్నారు." ఆ తర్వాత మూడు పేజీలు ఎక్కడినుంచో ఎత్తిన సిద్ధాంతం, ఒక సినిమా కథ, చివర్లో "ఈ ధోరణి మారాలి". ఇందులో ఎక్కడా ఆ అబ్బాయో అమ్మాయో సీరియల్ చూసినట్టుండదు, పేపర్ చదివినట్టుండదు. ఈ గైడ్ వాళ్ళ కోసం. చదువుతో సంబంధం లేకుండా, టీవీ ముందు కూర్చున్నప్పుడు ఏదో ఇబ్బందిగా అనిపించి అదేమిటో చెప్పలేకపోయేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

ముందు ఆ వాక్యం కొట్టేయండి. అబద్ధమని కాదు. ఆ మాట ఫెమినిస్టూ అంటుంది, అమ్మాయి జీన్స్ వేసుకుంటే సంస్కృతి మంటగలిసిందనే పెద్దమనిషీ అంటాడు, ఇద్దరి గొడవా ఒకటి కాదు. ఆయన గొడవంతా ఎంత కనబడుతోందన్నది. మన గొడవ ఎవరు చూస్తున్నారు, ఎవరి కోసం చూపిస్తున్నారు, చూడబడటం తప్ప ఆమెకి అక్కడ ఇంకేమైనా పనుందా అన్నది. ఈ రెండూ కలిసిపోవడం మన దగ్గర పాత జబ్బే. స్త్రీల అసభ్య చిత్రణను నిషేధిస్తూ 1986లో వచ్చిన చట్టంలో కూడా, అసభ్యం అంటే ఏమిటో చెప్పేచోట, ప్రజల నీతి చెడిపోవడం గురించిన మాట ఉంది. మెడ దాకా చీర కప్పుకుని వెయ్యి ఎపిసోడ్లు అందరి కాళ్ళూ పట్టుకునే కోడలు ఆ చట్టానికి ఎప్పటికీ దొరకదు. మనకి దొరకాలి.

ముక్క చిన్నది తీసుకోండి

"తెలుగు సినిమాలో స్త్రీ పాత్రలు, 1931 నుంచి నేటి వరకు" అని టాపిక్ రాసుకొచ్చిన పిల్లని చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. ఒక పాట తీసుకోండి, లేదా ఒక సీరియల్ ఎపిసోడ్, లేదా ఒక రోజు జిల్లా పేజీలు. అంతే. సిద్ధాంతం పుస్తకం ఇప్పుడే తెరవద్దు, ముందు ఏం కనబడిందో రాయండి. పేర్లు తర్వాత పెట్టుకోవచ్చు.

పాటైతే సౌండ్ తీసేసి చూడండి. ఇది ఎంత తేలికో అంత పనిచేస్తుంది, ఎందుకంటే ట్యూన్ బాగుంటే మనం అన్నీ క్షమించేస్తాం. మ్యూట్ చేసి, ప్రతి షాట్‌కీ కాగితం మీద ఒక గీత గీయండి. హీరోయిన్ మొదటిసారి కనబడినప్పుడు కెమెరా ఎక్కడ మొదలైంది, కాళ్ళ దగ్గరా, నడుము దగ్గరా, ముఖం దగ్గరా? ఆ షాట్‌కి ముందు ఎవరి ముఖం చూపించారు? హీరో ముఖం, ఆపైన ఆమె నడుము వచ్చిందంటే ఆ నడుముని మనం అతని కళ్ళతో చూస్తున్నట్టు లెక్క. ఇలా ఓ నాలుగు నిమిషాల పాటకి గీతలు గీశాక, అప్పుడు లారా మల్వీ అనే బ్రిటిష్ సినిమా సిద్ధాంతకర్త దగ్గరికి వెళ్ళండి. 1975లో "స్క్రీన్" అనే బ్రిటిష్ పత్రికలో ఆవిడ రాసిన వ్యాసంలో చెప్పింది ఇదే: సినిమాలో మూడు చూపులుంటాయి, కెమెరాది, ప్రేక్షకుడిది, తెర మీద పాత్రలది, హాలీవుడ్ పద్ధతి మొదటి రెండింటినీ దాచేసి మూడో దాని వెనకాల నిలబెడుతుంది, ఆ మూడోది మగవాడిది. దీన్నే మేల్ గేజ్ అంటున్నారు, పురుష చూపు అన్నా తప్పులేదు. ఆవిడ మనోవిశ్లేషకులు ఫ్రాయిడ్‌ని, లకాన్‌ని వాడుకుంది, అది అర్థం కాకపోతే కంగారుపడకండి, మీ గీతల కాగితం చేతిలో ఉంటే సగం దానంతటదే తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. పురుష చూపు అంటే మగ ప్రేక్షకుడి చూపు అని కాదు, హాల్లో ఎవరు కూర్చున్నా వాళ్ళని కూర్చోబెట్టే చోటు అది. ఆ పాటలు నేను కూడా చూస్తూ పెరిగినదాన్నే, ఎంజాయ్ చేసినదాన్నే. మరి ఆ చోట్లో కూర్చున్న ఆడదాని సంగతేమిటని మల్వీని చాలామంది అడిగారు, ఆవిడే 1981లో ఇంకో వ్యాసం రాసి ఆ ప్రశ్న దగ్గరికి మళ్ళీ వచ్చింది.

సీరియల్ దగ్గర ఈ పనిముట్టు విరుగుతుంది

మొన్న ఒక ఎపిసోడ్ కూర్చుని గీతలు గీశాను. కోడలి చేతిలోంచి కాఫీ కప్పు జారింది. కప్పు మూడుసార్లు పడింది, మూడు కోణాల్లో. తర్వాత అత్త ముఖం, ఢమ్మని మ్యూజిక్, ఆడపడుచు ముఖం, తోడికోడలి ముఖం పెదవి కాస్త వంకరగా, భర్త ముఖం, మళ్ళీ అత్త. కోడలి ముఖం అందరికన్నా చివర వచ్చింది. ఆ సీన్ మొత్తంలో భర్త అన్నది ఒకే ఒక్క మాట, "అమ్మా...". మిగతా మాటలన్నీ ఆడవాళ్ళవే. చూపులూ ఎక్కువ వాళ్ళవే, కాబట్టి పురుష చూపు ఒక్కటే పట్టుకుంటే ఈ సీన్ విప్పలేం.

ఇప్పుడు లెక్కపెట్టే పరీక్ష పెట్టి చూడండి. ఏలిసన్ బెక్‌డెల్ అనే అమెరికన్ కార్టూనిస్టు 1985లో ఒక కామిక్ స్ట్రిప్‌లో సరదాగా రాసిన నియమం, స్నేహితురాలు లిజ్ వాలెస్ చెప్పిందని ఆవిడే పేరు వేసింది: కనీసం ఇద్దరు ఆడవాళ్ళుండాలి, వాళ్ళిద్దరూ మాట్లాడుకోవాలి, మగవాడి గురించి కాకుండా ఇంకో విషయం మాట్లాడుకోవాలి. మన పెద్ద హీరోల సినిమాలకి రెండో మెట్టు దగ్గరే ఊపిరాడదు. సీరియల్‌కి మొదటి రెండూ నల్లేరు మీద నడక, మూడో మెట్టు దగ్గర తమాషా మొదలవుతుంది. వాళ్ళు మాట్లాడేది కొడుకు గురించి, మొగుడి గురించి, నిజమే, కానీ ఇంకొంచెం చెవిపెట్టి వింటే తాళాల గుత్తి గురించి, ఆస్తి కాగితాల గురించి, వంటింట్లో ఎవరి మాట నెగ్గాలన్నదాని గురించి. దాన్ని మగవాడి గురించి మాట్లాడటం అందామా? ఆ ప్రశ్నకి జవాబు మీరే రాయాలి, మీ ప్రాజెక్టులో మార్కులు పడేది అక్కడే. ఒక్క టిక్కు పెట్టి "పాస్", "ఫెయిల్" అని రాసి వదిలేసిన వాళ్ళకి నేను ఎక్కువ వేయను. ఆ పరీక్ష పుట్టిందే జోక్‌గా, దాన్ని థర్మామీటర్ చేసుకోకండి.

మా అమ్మ సీరియల్ చూడదు, వింటుంది. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, మధ్యలో కుక్కర్ విజిల్ లెక్కపెడుతూ, మ్యూజిక్ మారినప్పుడు మాత్రం తలెత్తుతుంది. చిన్నప్పుడు ఆ మూడుసార్లు తిప్పి చూపించే ముఖాల్ని మేం వెక్కిరించేవాళ్ళం. చాలా ఏళ్ళ తర్వాత టానియా మాడ్లెస్కీ 1982లో అమెరికన్ సోప్ ఒపేరాల మీద రాసింది చదివితే సిగ్గేసింది. ఇంటిపని చేసుకునే మనిషి ఒకేచోట కూర్చోలేదు, అందుకే అవి ఆగి ఆగి, చెప్పిందే చెప్పి, ముఖాల దగ్గరికి వెళ్ళి నడుస్తాయి, అది చేతకానితనం కాదు, ఇంటిపనితో కలిసి నడిచే లయ అంటుందావిడ. కుక్కర్ దగ్గరికి వెళ్ళొచ్చేలోపు కప్పు ఇంకా పడుతూనే ఉంటుంది. ఇంకో మాట కూడా అంది: ఆ సీరియళ్ళలో విలన్ ఆడది ప్రేక్షకురాలి అణగారిన కోపాన్ని మోస్తుంది, అందుకే ఆమెని తిట్టుకుంటూ ఆమె కోసమే ఎదురుచూస్తారు. అమ్మని అడిగాను, ఆ విలన్ అంటే నీకు ఇష్టమా అని. "ఇష్టమేంటే, అది చెడ్డది" అంది. కాసేపాగి, "కానీ దానికి కావాల్సింది అది నోరు తెరిచి అడుగుద్ది చూడు" అంది.

అందుకే సీరియల్ మీద రాసేవాళ్ళు చూసేవాళ్ళని అడగాలి. ఇయన్ ఆంగ్ నెదర్లాండ్స్‌లో చేసిన పని చూడండి, అప్పట్లో అందరూ తిట్టుకుంటూ చూసే "డాలస్" అనే అమెరికన్ సీరియల్ గురించి ఒక ఆడవాళ్ళ పత్రికలో చిన్న ప్రకటన ఇచ్చింది, నాకు ఇది చూడటం ఇష్టం, మీకెలా అనిపిస్తుందో రాయండి అని. వచ్చినవి 42 ఉత్తరాలు. ఆ 42 ఉత్తరాలతోనే, ప్రపంచమంతా చదివే పుస్తకం రాసింది. మీకు ఉత్తరాలు కూడా అక్కర్లేదు. మీ పిన్నిలు, అత్తయ్యలు, పక్కింటావిడ ఉన్న వాట్సాప్ గ్రూప్‌లో అడిగి వాయిస్ నోట్లు తెప్పించుకోండి, పది వచ్చినా చాలు. ప్రశ్న మాత్రం "ఈ సీరియల్ స్త్రీలను కించపరుస్తోందా" అని అడక్కండి, అలా అడిగితే పరీక్ష హాల్లో జవాబు చెప్తారు. "నిన్న ఎక్కడ ఆగింది?" అని అడగండి. కథ చెప్పేటప్పుడు ఎవరి పక్షాన చెబుతున్నారో వినండి. వాళ్ళని అడక్కుండా వాళ్ళ మాట పేరుతో సహా ఎక్కడా వాడొద్దు, అది వేరే చెప్పాలా.

పేపర్‌కి వద్దాం

ఇక్కడ లెక్కతో మొదలుపెట్టొచ్చు. 1995 నుంచి అయిదేళ్ళకోసారి, ఒకే ఒక్క రోజు ప్రపంచమంతా వార్తల్ని లెక్కపెట్టే ప్రాజెక్టు ఒకటి నడుస్తోంది, గ్లోబల్ మీడియా మానిటరింగ్ ప్రాజెక్ట్. వార్తల్లో కనబడిన, వినబడిన మనుషుల్లో ఆడవాళ్ళు 1995లో నూటికి 17, 2020లో 25. పాతికేళ్ళకి ఎనిమిది. గే టక్‌మన్ అనే అమెరికన్ సోషియాలజిస్టు 1978లో దీనికి వాడిన పేరు కొంచెం భారీగా ఉంటుంది, ప్రతీకాత్మక నిర్మూలన: చూపించకపోవడం, చూపించినా తేలిక చేయడం, లేదా తప్పుపట్టడం. మీరూ ఒక రోజు పేపర్ తీసుకుని లెక్కపెట్టండి, కానీ తల లెక్కతో ఆగొద్దు. మనిషి పేరు ఉందా, పని చెప్పారా, వయసు బ్రాకెట్లో పెట్టారా, ఫలానావారి భార్య అన్నారా, ఆమె మాట్లాడిందా లేక ఆమె గురించి పోలీసులు మాట్లాడారా. ఇవన్నీ గళ్ళు గీసి నింపండి.

తెలుగు పేపర్‌కి ఇంకో గడి కావాలి, ఇది ఇంగ్లీషు పుస్తకాల్లో దొరకదు: క్రియ చివర ఏముంది? మన భాషలో అతను వచ్చాడు, ఆమె వచ్చింది, బస్సు వచ్చింది, కుక్క వచ్చింది. ఏకవచనంలో ఆడమనిషికీ బస్సుకీ ఒకటే క్రియ. గౌరవం ఇస్తే "వచ్చారు" అవుతుంది, అప్పుడు ఆడా మగా తేడా పోతుంది. అందుకే "రు" ఎవరికి పడింది అన్నది తెలుగులో పెద్ద విషయం. మహిళా మంత్రి "అన్నారు", కలెక్టర్ "ఆదేశించారు", కూలిపని చేసే ఆవిడ "చెప్పింది". కూలివాడు కూడా "చెప్పాడు", కాబట్టి ఇది ఒక్క ఆడ-మగ లెక్క కాదు, అంతస్తు లెక్క కూడా. సినిమా పేజీలో హీరో "చెప్పారు", హీరోయిన్ "చెప్పింది" పక్కపక్కనే దొరికితే కత్తిరించి దాచుకోండి. స్పోర్ట్స్ పేజీలో మగ క్రికెటర్‌కి కూడా "ఆడాడు" అనే రాస్తారు, మరి అక్కడ తేడా ఎలా చూడాలి? స్థలం కొలవండి, ఫొటో కొలవండి. ఈ పని ఒక స్టూడెంట్ స్కేలు పెట్టి చేసింది, నాకు ఇప్పటికీ గుర్తు.

తర్వాత మాటలు. నేరవార్తల్లో వాడే మాటలు ఒక పేజీ మీద రాసుకుని, ఒక్కోదాన్నీ విప్పి చూడండి. "మానభంగం": భంగపడింది ఆమె మానమట, నేరం చేసినవాడిది ఏమీ పోలేదు. ఈ మాట ఇప్పుడు తగ్గి అత్యాచారం, లైంగిక దాడి వచ్చాయి, మంచిదే. "అత్యాచారానికి గురైంది" అంటే చేసినవాడు వాక్యంలోంచే మాయం. "కామాంధుడు", "మృగాడు" అంటే వాడు మనిషే కాదు, అంటే మన ఇళ్ళలో ఉండేవాడు కాదు, హాయి. అన్నిటికన్నా నన్ను తినేసే మాట "ప్రేమోన్మాది". ఆమె వద్దంది, అతను కత్తి తెచ్చాడు, దానికి మనం పెట్టిన పేరులో మొదటి మాట ప్రేమ! ఆ ఒక్క సమాసం వల్ల దాడి కాస్తా ప్రేమకథకి విషాదాంతం అయిపోతుంది, ఆమె "వద్దు" ఆ కథలో ఒక మలుపు మాత్రమే అవుతుంది. ఈ వార్తని మీరే తిరిగి రాయండి, ప్రేమ అనే మాట లేకుండా, ఎవరు ఎవర్ని ఏం చేశారో కర్త, కర్మ, క్రియ పెట్టి. అలా రాస్తే మూడు వాక్యాల్లో అయిపోతుంది. పాత వార్తలోని మిగతా పన్నెండు వాక్యాలు ఏం చేస్తున్నాయన్నదే మీ ప్రాజెక్టు.

"పరువు హత్య" కూడా అలాంటిదే, కానీ అది విప్పడానికి జెండర్ ఒక్కటే చాలదు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో గర్భిణి అయిన భార్య పక్కనుండగానే ఒక దళిత యువకుడిని ఆసుపత్రి బయట నరికి చంపారు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవితఖైదు వేసింది. హెడ్డింగుల్లో పరువు హత్య. ఎవరి పరువు? ఆ మాట వాడామంటే చంపించినవాళ్ళ వాదనని వాళ్ళ భాషలోనే ఒప్పుకున్నట్టు. కుల దురహంకార హత్య అనాలని దళిత సంఘాలు అంటూనే ఉన్నాయి. ఇక్కడ అమెరికన్ న్యాయశాస్త్ర ప్రొఫెసర్ కింబర్లీ క్రెన్‌షా పనికొస్తుంది. ఆవిడ 1989లో ఒక కోర్టు కేసు తీసుకుంది: జనరల్ మోటర్స్ మీద నల్లజాతి ఆడవాళ్ళు వివక్ష కేసు వేస్తే, కంపెనీ ఆడవాళ్ళని తీసుకుంటోంది, నల్లవాళ్ళని తీసుకుంటోంది, ఇంకేమిటి మీ బాధ అంది కోర్టు. తీసుకున్న ఆడవాళ్ళు తెల్లవాళ్ళు, తీసుకున్న నల్లవాళ్ళు మగవాళ్ళు. రెండు దార్లు కలిసే కూడలిలో నిలబడ్డ మనిషిని ఏ దారీ తనదనలేదు. ఇంటర్‌సెక్షనాలిటీ అని పెద్ద మాటగా చెప్పేది ఇదే. మన దగ్గర గోగు శ్యామల, జూపాక సుభద్ర, చల్లపల్లి స్వరూపరాణి లాంటి దళిత రచయిత్రులు తెలుగు స్త్రీవాదంలో ఉన్న "స్త్రీ" ఏ కులం ఆమె అని అడిగింది ఈ కూడలిలో నిలబడే.

ఆ ప్రశ్న పట్టుకుని సీరియల్‌కి వెనక్కి వెళ్ళండి. ఆ హాల్లో కప్పు పగిలాక ముక్కలు ఎవరు ఊడ్చారు? పనావిడ. ఆమెకి ఇంటిపేరుందా, ఇల్లుందా, ఆమె యాస ఎవరిది? తెలంగాణ యాసని ఎన్నో ఏళ్ళు పనివాళ్ళకీ కమెడియన్లకీ రౌడీలకీ కేటాయించిన తెర మనది. సినిమాలో ఇంకో వింత, ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది, తెలుగు రాని హీరోయిన్‌కి తెలుగమ్మాయి డబ్బింగ్ చెబుతుంది. తెలుగు ఆడపిల్ల రంగు పనికిరాదు, గొంతు పనికొస్తుంది. బెల్ హుక్స్ 1992లో నల్లజాతి ఆడప్రేక్షకుల గురించి రాసింది, తెర మీద ఉన్న తెల్ల నాయికతోనూ కలవలేక, చూస్తున్న మగాడితోనూ కలవలేక, బయట నిలబడి నిలదీసే చూపు చూడటం నేర్చుకున్నారని. ఆ వ్యాసం చదివాక ఈ డబ్బింగ్ సంగతి రాస్తే మీ దగ్గర చెప్పడానికి నిజంగా ఏదో ఉన్నట్టు.

రీల్స్, "నా ఇష్టం"

కొత్త మీడియా గురించి రెండు ముక్కలే చెప్తాను. రోజలిండ్ గిల్ 2007లో గుర్తించింది, ఆడదాని శరీరాన్ని వేరేవాళ్ళు చూడటం నుంచి ఆమే తనని తాను నిఘా పెట్టుకోవడానికి కథ మారిందని, అదంతా "నా కోసం నేను" అనే భాషలో వస్తుందని. స్కిన్‌కేర్ రీల్ కింద క్యాప్షన్లు ఓ యాభై రాసుకోండి, మీకే తెలుస్తుంది. సారా బేనెట్-వైజర్ 2018లో ఇంకోటి చెప్పింది: లైకులొచ్చే ఫెమినిజం, లైకులొచ్చే స్త్రీద్వేషం ఒకే మార్కెట్లో ఒకదాన్ని చూసి ఒకటి పెరుగుతాయి. మార్చి 8 ఆఫర్ పోస్టు, దాని కింద కామెంట్లు, రెండూ కలిపి ఒకే స్క్రీన్‌షాట్‌లో పెట్టి చదవండి. కామెంట్లు పెట్టినవాళ్ళ పేర్లు, ఫొటోలు చెరిపేయండి.

కెమెరా వెనక ఎవరున్నారో కూడా ఒక పేరా రాయాలి, లేకపోతే అంతా బొమ్మల గురించే అవుతుంది. కేరళలో 2017లో ఒక నటి మీద దాడి జరిగాక మలయాళ సినీరంగంలో ఆడవాళ్ళ పరిస్థితి చూడమని జస్టిస్ హేమ కమిటీ వేశారు, 2019 డిసెంబరు ఆఖరున రిపోర్టు ఇచ్చారు, జనం చేతికి వచ్చింది 2024 ఆగస్టులో, అదీ కొన్ని పేజీలు తీసేసి. అందులో లైంగిక వేధింపులతో పాటు టాయిలెట్లు లేకపోవడం, కాంట్రాక్టులు లేకపోవడం లాంటివి కూడా ఉన్నాయి. ఆ మామూలు సంగతులు చదవండి, పేపర్లలో హడావిడి వాటి మీద రాలేదు. తెలంగాణ ప్రభుత్వం కూడా 2019లో సినీరంగం మీద ఒక కమిటీ వేసింది, ఆ నివేదిక బయటపెట్టమని 2024లో నటీమణులు అడిగారు.

రాసేటప్పుడు ఒకటి మర్చిపోవద్దు. లైంగిక నేరాల బాధితుల పేరు, ఊరు, గుర్తుపట్టే వివరాలు వేయడం నేరం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్, పిల్లలైతే పోక్సో 23. అసైన్‌మెంట్ కదా అనుకుని మీరు అతికించే పేపర్ కటింగ్‌లో కూడా పేరుంటే నల్ల ఇంకు పూయండి. 2019లో హైదరాబాద్ శివార్ల కేసులో "దిశ" అన్న పేరు పెట్టేసరికి అసలు పేరు ఊరంతా తిరిగిపోయింది.

ఇక సిద్ధాంతం అధ్యాయం. మీ ప్రాజెక్టు గైడ్ ఎలాగూ అడుగుతారు, రాయండి, కానీ ఆఖర్న రాయండి, మీ గీతల కాగితాలకి ఏ పేర్లు పనికొచ్చాయో అవి మాత్రమే. మల్వీ మీ ముక్కకి సరిపోకపోతే సరిపోలేదని రాయండి, ఎక్కడ సరిపోలేదో రాయండి. ప్రతి కటింగ్ మీదా తేదీ, పేజీ నంబరుతో పాటు ఎడిషన్ పేరు కూడా వేయండి. ఒకే వార్త సిటీ ఎడిషన్‌లో ఒక హెడ్డింగ్‌తో, జిల్లా ఎడిషన్‌లో ఇంకో హెడ్డింగ్‌తో వస్తుంది, వీలైతే రెండూ కొనండి, ఆ రెండు హెడ్డింగులు పక్కపక్కన పెట్టి మొదటి పేరా మొదలుపెట్టండి.